మెథడోన్ చికిత్స: ఇంటికిచ్చు మందు

ఖరగ్‌పూర్ రైల్వేల వలన వెలసిన పట్టణము. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలము నుండి అచటి పనులకై అనేక తెలుగు కుటుంబములు పోయి స్థిరపడినవి. ఆ పట్టణములో పని రేయింబవళ్లు సాగును. ఒక వారము ఉదయపు డ్యూటీ, మరియొక వారము రాత్రి డ్యూటీ. ఇట్టి చోట హెరాయినుకు అలవాటుపడిన కార్మికుడొకడు చికిత్సకు సిద్ధపడెననుకొందము. ప్రతిదినమును నియమితమైన వేళకు కేంద్రమునకు పోయి మందు త్రాగి రావలెనన్నచో అతడు పని మానవలెనా, మందు మానవలెనా? కొన్ని దినముల మందును ఇంటికిచ్చు పద్ధతి ఈ చిక్కును తీర్చుటకు ఏర్పడినది.

వ్యాధి స్వభావము

నల్లమందు, మార్ఫిను, బ్రౌన్ షుగర్ అని వాడుకలోనున్న హెరాయిను ఒకే జాతికి చెందినవి. వీటికి అలవడిన శరీరమునకు అవి అందనిచో కండ్ల నీరు, ఒళ్లు నొప్పులు, వాంతులు, విరేచనములు, నిద్రలేమి కలుగును. ఆ బాధకు తాళలేకయే రోగి మరల మత్తును వెదకును. ఇది చెడునడత కాదు, వ్యాధి. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారము మన దేశములో సుమారు 77 లక్షల మంది ఈ జాతి పదార్థముల వలన హాని పొందుచున్నారు.

మందు చేయు పని

మెథడోన్ నోటి ద్వారా త్రాగు మందు. ఒక్క మోతాదు ఒక దినమంతయు పనిచేసి, బాధను, కోరికను అణచును. తగిన మోతాదులో వాడిన రోగికి మత్తు కలుగదు. అతడు పనిపాటలు చేసికొనగలడు. న్యూయార్కులో డోల్, నిస్వాండర్ అను వైద్యులు 1965లో ఈ చికిత్సా ఫలితములను ప్రకటించిరి. మన దేశములో మెథడోన్ చికిత్స 2012లో ఆరంభమైనది. అంతకుముందు నుండియు బ్యూప్రినార్ఫిన్ అను మాత్ర ఇదే పనికై వాడుకలోనున్నది.

లక్షకు పైగా రోగుల వివరములను క్రోడీకరించి 2017లో ప్రకటించిన పరిశీలనలో, మెథడోన్ చికిత్సలో నున్నవారిలో ఏటా వేయికి సుమారు 11 మంది మరణింపగా, చికిత్స విడిచినవారిలో 36 మంది మరణించిరి. కాబట్టి రోగి చికిత్సను విడువకుండ చూచుటయే ముఖ్యము.

మొదట కేంద్రములోనే ఎందుకు?

మెథడోన్ శరీరములో కొంచెము కొంచెముగా నిలువయగును. తొలి దినమున 20 లేక 30 మిల్లీగ్రాములతో మొదలిడి నెమ్మదిగా పెంచవలెను. తొందరపడినచో ఊపిరి మందగించి ప్రాణాపాయము కలుగును. మొదటి నాలుగు వారములు మిక్కిలి అపాయకరములు. మందు ఇతరుల చేతిలో పడునను శంకయు కలదు. అందుచేత వైద్యసిబ్బంది ఎదుటనే త్రాగించు పద్ధతి ఏర్పడినది.

2020 అనుభవము

2020 మార్చిలో రైళ్లు నిలిచిపోయినపుడు కేంద్రమునకు పోవుటయే దుర్లభమైనది. మన దేశములో బ్యూప్రినార్ఫిన్‌ను ఇంటికిచ్చుటకు అప్పుడు అనుమతి లభించినది. అమెరికాలో నిలకడగల రోగులకు 28 దినముల వరకు, ఇతరులకు 14 దినముల వరకు మెథడోన్ ఇచ్చుటకు వీలు కల్పించిరి. దీనివలన మరణములు పెరుగునని కొందరు భయపడిరి. అయితే అచట మాదకద్రవ్యముల మోతాదు మించి సంభవించిన మరణములలో మెథడోన్‌తో సంబంధమున్నవి 2019లో నూటికి 4.5 కాగా 2021లో 3.2 మాత్రమే. ఇంటికిచ్చుటయే దీనికి కారణమని చెప్పరాదు. భయపడినంత కీడు మాత్రము జరుగలేదు. 2024లో ఆ దేశము ఈ సడలింపును స్థిరపరచినది.

ఇంటిలో పాటింపవలసిన నియమములు

1. మందును తాళము గల పెట్టెలో ఉంచవలెను. పెద్దలకు సరిపడు మోతాదు పసిబిడ్డ ప్రాణము తీయగలదు. పానీయపు సీసాలలో పోసి ఉంచరాదు.

2. ఒకరి మందును మరియొకరికి ఈయరాదు.

3. మద్యమును, నిద్రమాత్రలను దీనితో కలుపరాదు.

4. వరుసగా కొన్ని దినములు మందు తప్పినచో పూర్వపు మోతాదును తానుగా త్రాగరాదు. శరీరము దానిని తట్టుకొను శక్తిని కోల్పోయి ఉండును. వైద్యుని అడుగవలెను.

5. రైలు గాని, ఇతర వాహనములు గాని, యంత్రములు గాని నడుపువారు ఆ సంగతిని వైద్యునికి ముందే తెలుపవలెను.

6. మనిషి లేపినను లేవక, గురకతో ఊపిరి మందగించి, పెదవులు నీలమైనచో వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. నాలోక్సోన్ అను విరుగుడు కలదు; కాని దాని ప్రభావము మెథడోన్ కంటె ముందు తగ్గిపోవును గనుక, తేరుకొన్న రోగిని వెంటనే ఇంటికి తీసికొనిపోరాదు.

కుటుంబము చేయదగిన సాయము

“ఇంకను ఎన్నాళ్లీ మందు?” అని రోగిని తొందరపెట్టరాదు. రక్తపుపోటు, మధుమేహము గలవారు ఏండ్ల తరబడి మందు వాడుట లేదా? ఇదియు నట్టిదే. మోతాదును తగ్గించుట వైద్యుని నిర్ణయము. ఇంటికిచ్చిన మందు రోగికి బహుమానము కాదు, ఈయకుండుట శిక్షయు కాదు; అతడు పనిని, చికిత్సను రెండింటిని నిలుపుకొనుటకు అది సాధనము. సలహా కావలసినవారు 14446 అను ఉచిత టెలిఫోను సంఖ్యకు పిలువవచ్చును.