పాత పికప్ ట్రక్కు కంపెనీ ఎత్తులోనే ఉందా? కొనే ముందు టేపు పట్టండి

డ్రైవింగ్ లైసెన్స్ చేతికొచ్చిన అబ్బాయి కొత్త కారు వద్దని, 1970 నాటి షెవర్లే సీ10 కావాలని పట్టుబడితే ఇంట్లో పెద్దవాళ్లకు మొదట వచ్చే సందేహం ధర గురించే. ప్రకటనలో "అంతా ఒరిజినల్, దేన్నీ మార్చలేదు" అని ఉంటుంది. ఆ మాట నిజమో కాదో తేల్చే చవకైన పరీక్ష ఒకటుంది. ట్రక్కు నేల నుంచి ఎంత ఎత్తులో నిలబడిందో కొలవడం. దీన్నే రైడ్ హైట్ అంటారు.

ఇది అందచందాల విషయం కాదు. స్ప్రింగ్ కుంగినా, ఎవరో కోసేసినా ముందు చక్రాల వాలు మారుతుంది, టైర్లు ఒక అంచున అరుగుతాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. మార్కెట్‌లో దొరికే స్ప్రింగులను "కంపెనీ ఎత్తు కంటే 2 అంగుళాలు కిందికి" అన్న లెక్కలో అమ్ముతారు. ఆ కంపెనీ ఎత్తు ఎంతో తెలియకుండా ఆర్డర్ చేస్తే, బండి ఎక్కడ ఆగుతుందో బిగించాక గానీ తెలియదు.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటి. 1967-72 సీ10లకు ఒకే ఒక్క "ఫ్యాక్టరీ ఎత్తు" లేదు. గ్లవ్ బాక్స్ తలుపు లోపలి వైపు ఆ బండి ఏయే ఆప్షన్లతో తయారైందో చెప్పే కాగితపు లేబుల్ అంటించేవారు. అది చిరగకుండా మిగిలి ఉంటే మీ అదృష్టం. అందులో ఎఫ్60 కనిపిస్తే ముందు హెవీ డ్యూటీ స్ప్రింగులు, జీ50 కనిపిస్తే వెనక హెవీ డ్యూటీ స్ప్రింగులు అని అర్థం. పైగా షెవర్లేకి వెనక మామూలుగా కాయిల్ స్ప్రింగులు వచ్చేవి. దాని కవల లాంటి జీఎమ్‌సీకి లీఫ్ స్ప్రింగులు, అంటే విజయవాడ ఆటోనగర్‌లో కమాన్ కట్టలంటారే, అవి. కాబట్టి పక్కింటాయన ట్రక్కు కొలతను మీ ట్రక్కుకు అంటగట్టకండి. ఖాళీ ట్రక్కు వెనక భాగం కాస్త లేచి కనిపించినా కంగారు పడక్కర్లేదు. బరువు మోయడానికి చేసిన స్ప్రింగులు, బరువు లేనప్పుడు అలాగే ఉంటాయి.

కొలిచే ముందు నేల చూసుకోవాలి. ఇక్కడి గరాజ్ నేలలు నీళ్లు పోవడానికి తలుపు వైపు వాలుగా ఉంటాయి. రసమట్టం పెట్టి చూస్తే తెలిసిపోతుంది. నాలుగు చక్రాలు ఆనే చోట్ల తేడా ఎంతుందో మన మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబుతో కూడా పట్టుకోవచ్చు. టైర్లలో గాలి సరిగా ఉండాలి, వెనక తొట్టె ఖాళీగా ఉండాలి, పెట్రోలు నిండుగా ఉండాలి. ఈ ట్రక్కుల్లో ట్యాంకు సీటు వెనక, క్యాబిన్ లోపలే ఉంటుంది. సుమారు 20 గాలన్లంటే 120 పౌండ్ల బరువు. జాకీ మీద లేపి మాత్రం కొలవకండి. చక్రాలు వేలాడితే ఆ కొలతకు అర్థమే లేదు, అలాంటి బండి కిందికి దూరడం ప్రాణానికీ మంచిది కాదు.

తర్వాత బండిని కుదురుకోనివ్వాలి. నాలుగడుగులు ముందుకు, వెనక్కి దొర్లించండి. కీళ్ల దగ్గరి రబ్బరు బుష్షుల రాపిడి వల్ల సస్పెన్షన్ ఎక్కడ ఆపితే అక్కడే కాస్త పట్టేస్తుంది. తర్వాతి కాలపు ట్రక్కులకు జీఎమ్ చెప్పిన పద్ధతి ఇక్కడా పనికొస్తుంది. బంపర్‌ను 1.5 అంగుళాలు పైకెత్తి వదలాలి, అలా మూడుసార్లు చేసి కొలవాలి. మళ్లీ అంతే కిందికి నొక్కి వదిలి, ఇంకోసారి కొలవాలి. రెండింటి సగటే అసలు ఎత్తు.

ఎక్కడి నుంచి ఎక్కడికి కొలవాలి? ఫెండర్ అంచు నుంచి నేలకు కొలిస్తే టైరు కూడా లెక్కలోకి వస్తుంది. 215/75ఆర్15 టైరు వ్యాసం 27.7 అంగుళాలు, 235/75ఆర్15 టైరుది 28.9. టైరు మార్చినంత మాత్రాన బండి అర అంగుళం పైన లేస్తుంది, స్ప్రింగుకు సంబంధమే లేదు. అందుకే చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా కొలవడం మేలు. అయినా ఫెండర్‌ను పూర్తిగా నమ్మలేం. క్యాబిన్ కింది రబ్బర్లు 50 ఏళ్లలో నలిగి ఉంటాయి, ఫెండర్ ఎప్పుడో మార్చి కూడా ఉండొచ్చు. గట్టి సాక్ష్యం కింద ఉంటుంది. వెనక ఛాసిస్‌కీ యాక్సిల్ గొట్టానికీ మధ్య దూరం, ముందు కింది కంట్రోల్ ఆర్మ్ లోపలి బోల్టుకూ బయటి చివర బాల్ జాయింట్‌కూ మధ్య ఎత్తు తేడా. రెండు వైపులా కొలిచి రాసుకోండి. కుడికీ ఎడమకీ అర అంగుళం మించి తేడా ఉంటే ఎందుకో అమ్మేవాడినే అడగాలి.

ఈ రెండు రకాల కొలతలను పక్కపక్కన పెడితే గుట్టు బయటపడుతుంది. ఫెండర్ కిందికి వచ్చినా కంట్రోల్ ఆర్మ్ వాలు మాత్రం మామూలుగానే ఉందంటే, ఎవరో డ్రాప్ స్పిండిల్స్ వేశారన్నమాట. అవి సాధారణంగా 2.5 అంగుళాలు దించుతాయి. అది శుభ్రమైన పనే, భయపడక్కర్లేదు. ఆర్మ్ కూడా పైకి తిరిగి ఉంటే స్ప్రింగ్ కుంగిందో, కోసేశారో. టార్చి వేసి కాయిల్ చివర చూడండి, గ్యాస్ కట్టర్‌తో కోసిన గుర్తు దాగదు. వెనక యాక్సిల్ పైన ఛాసిస్‌ను అర్ధచంద్రంలా కత్తిరించి ఉంటే బండిని బాగా దించారని తెలుసుకోవాలి. కాయిల్ స్ప్రింగుల ట్రక్కులో యాక్సిల్‌ను అడ్డంగా పట్టి ఉంచే ట్రాక్ బార్ ఉంటుంది. బండి కిందికి దిగితే అది యాక్సిల్‌ను ఒక పక్కకు నెడుతుంది. వెనక టైర్లకూ తొట్టె గోడలకూ మధ్య సందు రెండు వైపులా సమానంగా ఉందో లేదో చూస్తే చాలు.

కొత్త స్ప్రింగులు వేయించేటప్పుడు మెకానిక్‌కు ఒక మాట చెప్పండి. రబ్బరు బుష్షుల బోల్టులను బండి బరువు చక్రాల మీద పడ్డాకే పూర్తిగా బిగించాలి. వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి బండిని కొంత ఎత్తిపెడుతుంది, తొందరగా చిరిగిపోతుంది కూడా. వారం పది రోజులు నడిపి మళ్లీ కొలిచి, అప్పుడు వీల్ అలైన్‌మెంట్ చేయించి, హెడ్‌లైట్ల గురి సరిచేయించండి.