ఈ కాలం కుర్రాళ్ళు పనికి రారా?

కాఫీ పండు ఎర్రబడే రోజుల్లో మన్యంలోని జి.మాడుగుల వైపు వెళ్తే ఒకే ఫిర్యాదు నాలుగైదు నోళ్ళ నుంచి వినిపిస్తుంది. తోట ఉన్న పెద్దాయన అంటాడు, స్లాబు పని పట్టిన మేస్త్రి అంటాడు, సంతకి సరుకు తెచ్చే మైదానం వ్యాపారి అంటాడు, ఆఖరికి పాఠం చెప్పిన పంతులుగారూ అంటారు. ‘ఏటి పని సేస్తారండీ ఈ గుంటలు? సెల్లూ బండీ ఉంటే సాలు.’ ఘాట్ దిగి విశాఖ చేరితే ఐటీ ఆఫీసు మేనేజరు ఇదే మాటకి జెన్ జీ అని పేరు తగిలించి, ఏసీ గదిలో కూర్చుని చెబుతాడు.

ఈ ఫిర్యాదుకి పెద్ద పెద్ద గొంతులు తోడయ్యాయి. యువత వారానికి 70 గంటలు పనిచేయాలని ఇన్ఫోసిస్ నారాయణమూర్తి 2023 అక్టోబరులో అన్నారు. 2025 జనవరికి ఎల్ అండ్ టీ ఛైర్మన్ ఎస్.ఎన్.సుబ్రహ్మణ్యన్ పుణ్యమా అని లెక్క 90కి చేరింది. సంక్షేమ పథకాల వల్ల కూలీలు ఊరు విడిచి రావడానికి ఇష్టపడటం లేదని మరుసటి నెల చెన్నై సభలో వాపోయిందీ ఆయనే. కొండమీద రెండెకరాల కాఫీ తోట ఉన్న రైతు బాధా, దేశమంతా వంతెనలు కట్టే కంపెనీ అధిపతి బాధా ఇంత దగ్గరగా ఉండటం విచిత్రమే. అయితే తేడా ఒకటుంది. కూలి పెంచే స్తోమత రైతుకి లేదు.

కుర్రకారు చెడిపోయిందన్న నమ్మకాన్ని శాస్త్రవేత్తలు కూడా తూచి చూశారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ ప్రోట్జ్‌కో, జోనథన్ స్కూలర్ 2019లో ‘సైన్స్ అడ్వాన్సెస్’ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. బాగా చదివే అలవాటున్న పెద్దలు ఇప్పటి పిల్లలు పుస్తకం ముట్టరంటారు. పెద్దరికానికి విలువిచ్చేవాళ్ళు ఇప్పటి పిల్లలకి మర్యాద లేదంటారు. ఎవరికి ఏది ఎక్కువో పిల్లల్లో అదే తక్కువగా కనిపిస్తోందన్నమాట. ఇవాళ్టి తమ గుణాన్ని తమ చిన్ననాటి తరానికంతటికీ అంటగట్టి, ఆ కొలతతో నేటి పిల్లల్ని కొలవడమే దీనికి ఒక కారణమని వాళ్ళు తేల్చారు. ఒళ్ళు వంచి బతికినవాళ్ళకి పిల్లలంతా సోమరుల్లా కనిపించడం కూడా ఈ కోవలోదేనని నా అనుమానం.

మన్యంలో ఈ తిట్టుకి వేరే చరిత్ర కూడా ఉంది.

సోమరి అన్నది ఎవరిని?

ఇవాళ మనవడిని సోమరి అంటున్న తాతకి తాతైనవాణ్ణి తెల్లదొరలు అదే మాట అన్నారు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు మీద ఆంక్షలు బిగిశాయి. కొండవాళ్ళు నికరంగా ఒకచోట పనిచేయరు, అడవిని తగలబెట్టి తింటారు అన్నది ఆనాటి అధికారుల్లో పాతుకుపోయిన అభిప్రాయం. అలాంటివాళ్ళతో పని చేయించాలంటే బలవంతమే మార్గమనుకున్నారు. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు ఘాట్ రోడ్డు వేయడానికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ అరకొర కూలికి మన్యం జనంతో రాళ్ళు మోయించాడు. రానన్న మనిషి మొండివాడు, ఎదురు చెప్పిన మనిషి దోషి.

ఆ కోపం ఫితూరీలో, అంటే మన్యం తిరుగుబాటులో కలిసింది. 1922 ఆగస్టు 22న జి.మాడుగుల పొరుగునే ఉన్న చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడి జరిగింది. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. ముందు నడిచిన అల్లూరి సీతారామరాజుకి అప్పటికి పాతికేళ్ళు నిండి రెండు నెలలు కూడా కాలేదు. అరకొర కూలికి రోడ్డు పనికి రానన్నవాడు ఆనాటి కచేరీ లెక్కలో సోమరి. ఇవాళ్టి పాఠ్యపుస్తకంలో వీరుడు. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడిన జిల్లాకి పెట్టింది ఆ పాతికేళ్ళ కుర్రాడి పేరే.

ఇంకో సంగతి. ‘మా కాలంలో పిలిస్తే పనికి వెళ్ళేవాళ్ళం’ అని పెద్దలు గర్వంగా చెబుతారు. ఆ వెళ్ళడం వెనక ఏముందో కూడా చెప్పుకోవాలి. షావుకారు దగ్గర తండ్రి చేసిన అప్పుకి కొడుకు పాలేరుగా వెళ్ళడం ఏజెన్సీలో ఎంత మామూలంటే, దాన్ని ఆపడానికి మద్రాసు ప్రభుత్వం 1940లో ప్రత్యేకంగా ఒక రెగ్యులేషన్ తేవలసి వచ్చింది. దేశమంతటికీ వర్తించే వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది 1976లో. కాదనే వీలు లేనివాడు మారు మాట్లాడకుండా పనిచేస్తే అది క్రమశిక్షణ అనిపించుకుంది. కాదనే వీలు దొరికిన మొదటి తరానికి మాత్రం బద్ధకస్తుల పేరొచ్చింది.

ఇక్కడ బద్ధకం, అక్కడ బలం

మద్దిగరువు, బొయితిలి, నుర్మతి వైపు ఊళ్ళలో సోమరి అనిపించుకున్న కుర్రాడు హైదరాబాదులోనో బెంగళూరులోనో దిగగానే సెంట్రింగు పనికో కాంక్రీటు పనికో కుదురుతాడు. తెల్లారి మొదలుపెట్టి చీకటి పడేదాకా ఇనుము మోస్తాడు. అక్కడి మేస్త్రికి ఏజెన్సీ కుర్రాళ్ళంటే ఇష్టం, ఎదురు చెప్పరు, బలంగా ఉంటారు. అదే మనిషి, అవే చేతులు. మారింది కూలి ఒక్కటే. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. అదీ తవ్విన మట్టి కొలతకి సరిపోతేనే. డబ్బు ఖాతాలో ఎప్పుడు పడుతుందో చెప్పలేం. ఆ లెక్క వేసుకుని బస్సెక్కిన కుర్రాడిలో నాకు సోమరితనం కనబడదు, లెక్క తెలిసిన సంసారి కనబడతాడు.

ఊళ్ళోనే ఉన్నవాళ్ళ పని పెద్దల కంటికి పనిలా ఆనదు. 2019 ఆగస్టు 15న వాలంటీరు వ్యవస్థ మొదలైనప్పుడు నెలకి 5 వేల గౌరవ వేతనానికి చేరినవాళ్ళలో ఎక్కువమంది ఇరవైల్లో ఉన్న పిల్లలే. వేలిముద్ర పడాలంటే సిగ్నల్ కావాలి, సిగ్నల్ కావాలంటే గట్టెక్కాలి. పింఛను ముసలమ్మ చేతికి అందేదాకా ఆ తిప్పలు పడింది వాళ్ళే. 2024లో ప్రభుత్వం మారాక ఆ కొలువూ పోయింది. వంజంగి మేఘాల కొండ మీద గుడారాలు అద్దెకిచ్చి, తెల్లవారుజామున చలిలో టీ అమ్ముతున్నది కూడా ఈ వయసువాళ్ళే. కాఫీ గింజ ఇవాళ ఏ ధర పలుకుతుందో ఫోనులో చూసి, గిరిజన సహకార సంస్థ (జీసీసీ) రేటుతో పోల్చి, తండ్రిని సంతలో మోసపోకుండా ఆపే కొడుకు సెల్లు నొక్కుతున్నాడనే పేరు మోయక తప్పదు.

చదివినవాడి గతి మరీ అన్యాయం. ఏజెన్సీలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకేనని 2000 జనవరిలో జీవో 3 వచ్చింది. దాన్ని నమ్ముకుని టీటీసీలు, బీఈడీలు చేశారు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ జీవోని కొట్టేసింది. 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ ప్రకటన వెలువడినప్పుడు మన్యం నిరుద్యోగులు రోడ్డెక్కింది ఈ కడుపుమంటతోనే. బీఈడీ పట్టా ఉన్నవాడు గొడ్డలి పట్టుకోవడానికి సిగ్గుపడుతున్నాడని ఎగతాళి చేసేముందు, ఆ పట్టా కోసం ఇంట్లో ఏ మేకలు అమ్ముడుపోయాయో గుర్తు చేసుకోవాలి.

గంజాయి ముద్ర సంగతి చెప్పకపోతే కథనం దొంగదవుతుంది. 2021 చివర్లో మొదలైన ఆపరేషన్ పరివర్తనలో వేల ఎకరాల తోటలు నరికేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో 2 లక్షల కిలోల సరుకు తగలబెట్టారు. మోస్తూ పట్టుబడుతున్నవాళ్ళలో మన్యం కుర్రాళ్ళున్నారు, నిజమే. పెట్టుబడి పెట్టినవాళ్ళు మోసేవాళ్ళంత తేలిగ్గా దొరకరు. ఇప్పుడు పాడేరు పేరు చెబితే మైదానంలో గది అద్దెకిచ్చేవాడు రెండోసారి చూస్తాడు. కొందరు చేసిన తప్పుకి తరమంతా సంజాయిషీ ఇచ్చుకుంటోంది.

పెద్దల మాటలో నిజం

పెద్దల బాధంతా ఉత్తిదే అంటే అబద్ధం. కాఫీ చేతులు కోరే పంట. పండినవే చూసి కోయాలి, మిగతావి పండాక మళ్ళీ రావాలి. పార్చ్‌మెంటుగా అమ్మాలంటే కోసిన రోజే పల్పింగ్ చేసి, పులియబెట్టి, కడిగి, ఆరబెట్టాలి. 2017లో ప్యారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరిచినా, 2019లో అరకు వ్యాలీ అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చినా దాని వెనక ఉన్నది ఈ చాకిరీ. ఇప్పుడు చాలాచోట్ల ఆ బుట్ట మోస్తున్నది నడుం వంగిన ఆడవాళ్ళు. ఇంట్లో ఎదిగిన కొడుకు ఉండి కూడా తోటకి రాకపోతే ఆ తల్లికి కోపం రావడం సబబే.

పిల్లాడికి చెట్టు పేరు తెలియదు, దుంప ఎక్కడ తవ్వాలో తెలియదు అంటారు పెద్దలు. అదీ నిజమే. ఎలా తెలుస్తుంది? పలక పట్టే వయసులోనే ఆశ్రమ పాఠశాలలో చేర్చాం. చోడి నాటే వేళ, పసుపు తవ్వే వేళ వాడు హాస్టల్లో సాంబారన్నం తింటూ ఎక్కాలు వల్లించాడు. కష్టం వాడికి వద్దనుకున్నది మనమే. పదిహేనేళ్ళు కొండకి దూరంగా పెంచి, తిరిగొచ్చిన రోజునే కొండవాడిలా ఉండమంటే ఆ కుర్రాడు మాత్రం ఏం చేస్తాడు? ఏజెన్సీలో తరాల మధ్య పడిన అసలు గండి ఇదే. దాన్ని పూడ్చడానికి తిట్లు చాలవు. ప్రతి ఆశ్రమ పాఠశాలకీ ఒక కాఫీ మడి ఉండాలి, ఊరి పెద్దలే అక్కడికి వచ్చి పని నేర్పాలి. గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏకి ఇది పెద్ద ఖర్చు కాదు.

పని ఇచ్చేవాళ్ళకి, పెద్దలకి ఒక మనవి. పిలిచే ముందే కూలి ఎంతో చెప్పండి. సంతనాటికి డబ్బు చేతిలో పెట్టండి. సొంత తోటైతే రాబడిలో కొడుక్కీ కూతురికీ వాటా ఎంతో ముందే తేల్చండి. అప్పటికీ రాకపోతే తిట్టండి, నేనూ గొంతు కలుపుతాను.