పేషెంట్‌ని అడిగారా?

ముసునూరులో ఒకావిడకి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది, ఇంక రేడియేషన్ ఇవ్వాలన్నారు అనుకుందాం. ఏప్రిల్ నెల. తోటలో బంగినపల్లి కోతకొచ్చింది. రేడియేషన్ అంటే సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ వెళ్లాలి. మెషీన్ దగ్గర పట్టేది పది పదిహేను నిమిషాలే. కానీ విజయవాడ పోను రాను వంద కిలోమీటర్లకి తగ్గదు. ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డు వైద్యం ఖర్చు భరిస్తుంది. పోయిన కూలీకి, పక్కన తోడొచ్చే మనిషి రోజులకి ఏ కార్డూ లేదు. "ఎన్ని రోజులు డాక్టరుగారూ?" అన్నది అందుకే చిన్న ప్రశ్న కాదు.

అసలు ముక్కలుగా ఎందుకిస్తారు? డోసుని గ్రేలలో కొలుస్తారు. కిలోకి ఒక జౌల్ అయితే ఒక గ్రే. 50 గ్రేలు కలిపి ఒకేసారి ఇచ్చినా నీళ్లు వేడెక్కేది డిగ్రీలో వందో వంతే (లెక్క మీరే వేసుకోండి, ఇంటర్ ఫిజిక్సే). దెబ్బ వేడి వల్ల కాదు, డీఎన్‌ఏ తెగడం వల్ల. మధ్యలో దొరికిన టైమ్‌లో మామూలు కణాలు తెగినదాన్ని బాగానే రిపేర్ చేసుకుంటాయి, క్యాన్సర్ కణాలు అంత బాగా చేసుకోలేవు. అందుకే రోజుకి కొంచెం.

రొమ్ము క్యాన్సర్‌కి చాలా ఏళ్లు 25 రోజుల్లో 50 గ్రేలు ఇచ్చేవారు. బ్రిటన్‌లో స్టార్ట్-బి ట్రయల్ 15 రోజుల్లో 40 గ్రేలు ఇచ్చి చూసింది. 2013లో వచ్చిన పదేళ్ల ఫలితాల్లో ఈ చిన్న కోర్సు ఏమాత్రం వెనకబడలేదు. 2020లో ఫాస్ట్-ఫార్వర్డ్ ట్రయల్ ఇంకా ముందుకెళ్లి, 5 రోజుల్లో 26 గ్రేలు సరిపోతాయని ఐదేళ్ల ఫలితాలతో చూపించింది. ఇవి అందరికీ కుదరవు. కుదురుతుందో లేదో డాక్టరే చెప్పాలి. కుదిరినప్పుడు మాత్రం, వారం కోర్సు కావాలా, మూడు వారాల కోర్సు కావాలా అన్నది ఆవిడ కూడా చెప్పగలిగిన విషయమే.

క్యాన్సర్ ఎముకకి పాకి నొప్పి పెడుతుంటే ఒకే రోజు 8 గ్రేలు ఇవ్వొచ్చు, లేదా 10 రోజుల్లో 30 ఇవ్వొచ్చు. నొప్పి తగ్గడంలో రెండూ దాదాపు సమానమే. ఒక్కరోజు పద్ధతిలో మళ్లీ ఇవ్వాల్సి రావడం ఎక్కువ. "ఒక్కసారే వెళ్లొస్తాను, అవసరమైతే మళ్లీ వస్తాను" అనే ముసలాయన ఉంటాడు. "పది రోజులైనా పర్లేదు, మళ్లీ తిప్పొద్దు" అనేవాడూ ఉంటాడు. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు.

గొంతు క్యాన్సర్ దగ్గర బేరం మరీ కఠినం. 1981లో అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న 37 మందిని, ఫైర్‌మెన్‌నీ ఆఫీసర్లనీ, అడిగారు: స్వరపేటిక తీసేస్తే ఎక్కువకాలం బతికే అవకాశం, రేడియేషన్ అయితే మాట మిగులుతుంది, ఏది కావాలి? దాదాపు ఐదో వంతు మంది ఆయుష్షు కొంత తగ్గినా మాటే కావాలన్నారు. ప్లానింగ్ కంప్యూటర్ ఎంత బాగా ఆప్టిమైజ్ చేసినా, మాట విలువెంతో దానికి ఎవరో ఒకరు చెప్పాలి కదా.

మన ఇళ్లలో ఆ "ఎవరో ఒకరు" పేషెంట్ తప్ప అందరూ. పెద్దకొడుకు, అల్లుడు, హైదరాబాద్ నుంచి ఫోన్లో బాబాయి. "నాన్నకి చెప్పకండి, తట్టుకోలేడు" అంటారు ప్రేమతోనే. రోజూ రేడియేషన్ బోర్డున్న గదిలోకి వెళ్లే మనిషికి విషయం తెలియదనుకోవడం మాత్రం నాకు విడ్డూరంగానే ఉంటుంది.

చట్టం ఏమంటుందో చూడండి. సమీరా కోహ్లి కేసులో పరీక్ష కోసమని మత్తిచ్చిన పేషెంట్‌కి, బయట ఉన్న తల్లి ఒప్పుకుందని గర్భసంచి తీసేశారు. ప్రాణాపాయం ఏమీ లేనప్పుడు మేజరైన మనిషి తరఫున తల్లి ఒప్పుకోలు చెల్లదని 2008లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ వైద్యం ఏంటి, ఎందుకు, వేరే దారులేంటి, ముప్పేంటి, చేయించుకోకపోతే ఏమవుతుంది అన్నవి పేషెంట్‌కి చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలంది. అన్నీ విన్నాక "మీరెలా అంటే అలా డాక్టరుగారూ" అని ఆవిడే అంటే అదీ సమాధానమే.

ఇంట్లో ఇంజనీరింగ్ చదివేది మనమే కాబట్టి ఫారాలు నింపే పని మనకే పడుతుంది. ఆ కన్సెంట్ ఫారం నాన్న చేతికిచ్చి, అందులో ఏముందో తెలుగులో చదివి వినిపించండి. తక్కువ రోజుల కోర్సు కుదురుతుందా, మింగడానికి గానీ మాటకి గానీ ఇబ్బంది ఎన్నాళ్లుంటుంది, మధ్యలో ఒకరోజు మానితే ఎలా అని ఆయన చేతే అడిగించండి. ఇవన్నీ ప్లానింగ్ సీటీ స్కాన్ తీయకముందే అడగాలి. ప్లాన్ తయారయ్యాక మార్చడమంటే చాలాసార్లు మళ్లీ మొదట్నుంచీ లెక్కలు వేయడమే.