బెయిలుకూ విడుదలకూ నడుమ: న్యాయవిద్యార్థి పాత్ర

పేద నిందితుని పక్షాన న్యాయవిద్యార్థి క్రిమినల్ కోర్టులో వాదించగలడా? 1961 నాటి న్యాయవాదుల చట్టం 29, 33 సెక్షన్ల ప్రకారం ఆ హక్కు నమోదైన న్యాయవాదులకే ఉంది. 32వ సెక్షను కింద న్యాయస్థానం ఏదైనా ఒక కేసులో ఇతరులను అనుమతించవచ్చు గాని, అది శిక్షణను ఉద్దేశించిన ఏర్పాటు కాదు. అమెరికాలో బార్ అసోసియేషన్ 1969లోనే నమూనా నియమం రూపొందించగా, పర్యవేక్షక న్యాయవాది బాధ్యతపై, కక్షిదారు రాతపూర్వక సమ్మతితో విద్యార్థులు అక్కడ వాదిస్తున్నారు.

ఇక్కడి పాఠ్యప్రణాళిక వేరు. బార్ కౌన్సిల్ 2008 నిబంధనలు నమూనా న్యాయస్థానానికి 30, విచారణల పరిశీలనకు 30, కక్షిదారు ఇంటర్వ్యూ, ఇంటర్న్‌షిప్ డైరీలకు 30, మౌఖిక పరీక్షకు 10 మార్కులు కేటాయించాయి. రాజమహేంద్రవరం జిల్లా న్యాయస్థానంలో వెనుక బెంచీపై కూర్చుని రాసుకున్న విచారణ వివరాలు రికార్డు పుస్తకానికి సరిపోతాయి. బోనులోని మనిషికి వాటివల్ల ఒరిగేది లేదు.

అయితే విద్యార్థికి తెరిచి ఉన్న ద్వారం మరొకటుంది. జాతీయ న్యాయసేవల ప్రాధికార సంస్థ పథకం ప్రకారం, న్యాయవాదిగా నమోదయ్యేవరకు న్యాయవిద్యార్థి పారా లీగల్ వాలంటీరుగా పనిచేయవచ్చు. 1987 చట్టం 12వ సెక్షను నిర్బంధంలో ఉన్న వ్యక్తికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసేవకు అర్హత కల్పించింది. కనుక రాజమహేంద్రవరం కేంద్ర కారాగారంలోని విచారణ ఖైదీ ఆదాయ ధ్రువపత్రం కోసం తిరగనక్కరలేదు.

అతణ్ణి లోపలే ఉంచేది చాలాసార్లు వాదన లోపం కాదు, పూచీకత్తు. మోతీరాం కేసు (1978)లో తాపీపనివాని తరఫున సోదరుడు జామీను నిలవబోతే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని మేజిస్ట్రేటు తిరస్కరించారు. సుప్రీంకోర్టు దాన్ని తప్పుపట్టింది. గోదావరి డెల్టాలో ఈ చిక్కుకు మరో రూపముంది. ఎకరాలకొద్దీ వరి పండించే కౌలురైతు పేరిట ఆ భూమికి పట్టాదారు పాసుపుస్తకం ఉండదు. చెరువుల మీద పనిచేసే కూలీకి, ఏజెన్సీ నుంచి వచ్చిన గిరిజనునికి పట్టణంలో జామీనుదారు దొరకడం మరీ కష్టం.

2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు ఇక్కడే అక్కరకొస్తాయి. బెయిలు మంజూరైన 7 రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే కారాగార పర్యవేక్షకుడు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలి. ఆ సంస్థ వాలంటీరును గాని, జైలు సందర్శక న్యాయవాదిని గాని పంపవచ్చు. నెలలోగా పూచీకత్తు సమర్పించలేకపోతే షరతుల సడలింపును న్యాయస్థానమే స్వయంగా పరిశీలించవచ్చు. ఖైదీ కుటుంబస్థితి, చిరునామా, జీవనాధారం, ఊళ్లో పూచీ పడగలవారి వివరాలు సేకరించి న్యాయవాదికి అందించడం విద్యార్థి చేయగలిగిన పని. ఒక మనిషి విడుదల దాని మీద ఆధారపడి ఉండవచ్చు.

ఇందులో ఒక ప్రమాదమూ లేకపోలేదు. భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షను కక్షిదారు మాటల గోప్యతను న్యాయవాదికి, దుబాసీకి, న్యాయవాది గుమాస్తాకు, ఉద్యోగికి వర్తింపజేసింది. వాలంటీరుగా వెళ్లే విద్యార్థి పేరు అందులో లేదు. పాఠ్యప్రణాళికలోని ఇంటర్వ్యూ శిక్షణ ఈ సంగతితోనే మొదలుకావాలి. పూచీకత్తు కోసం వెళ్లిన విద్యార్థి నేరారోపణ జోలికి పోకూడదు. ఖైదీ తానుగా చెప్పబోయినా ఆపి, అది న్యాయవాదికే చెప్పుకోమనాలి.