శంకరము కొండమీది నాణెములు

అనకాపల్లి దాపున నున్న శంకరము గ్రామమును, అందలి బొజ్జన్నకొండను మన విద్యార్థులలో పలువురు చూచియే యుందురు. తూర్పుకొండపై గుహలును స్తూపమును గలవు. పడమటి కొండపై ఱాతినే తొలిచిన చిన్న స్తూపములు వరుసలు వరుసలుగా నున్నవి; అవి దూరమునకు లింగములవలె కనబడుటచే దానికి లింగాలకొండ యని పేరు గలిగెను. బౌద్ధభిక్షువుల నివాసమునకు సంఘారామ మని పేరు. ఆ మాటయే జనుల నోట నరిగి శంకర మైనదని పండితులు చెప్పుదురు.

1906వ సంవత్సరమున అలెగ్జాండరు రే యను పురావస్తుశాఖాధికారి యిచ్చట త్రవ్వకములు జరిపించెను. కుండపెంకులు, ముద్రికలు మొదలగువానితో కూడ నాణెములును దొరకెను. అందు శాతవాహనులవి కొన్ని, గుప్తచక్రవర్తియగు సముద్రగుప్తునిది యొకటి, తూర్పు చాళుక్యరాజగు కుబ్జ విష్ణువర్ధనునివి కొన్ని. నే నీ సంగతి తొమ్మిదవ తరగతి బాలురకు కొండమీదనే నిలిచి చెప్పుచుండగా వారిలో నొకడు, "మాస్టారూ, అట్లయిన ఈ మువ్వురును మన యూరి నేలినవారేనా?" యని యడిగెను. ఔనన్నచో పాఠ మంతటితో ముగిసియుండును. కాని ఆ ప్రశ్నకు సమాధానము అంత సులభము కాదు.

నాణెమునకు కాళ్లు లేకున్నను అది రాజుకంటె దూరము నడచును. వర్తకుని మూటలోనో, యాత్రికుని కొంగునందో చేరి, రాజు పేరైనను వినని యూరికి పోగలదు. కావున నాణెము దొరకినంత మాత్రమున అచ్చట ఆ రాజు పాలించెనని చెప్పరాదు. సామ్రాజ్య మనగా పటమునందు పూసిన రంగు కాదు. దూరగ్రామమందలి రైతు పంటలో నొక భాగము రాజధానికి చేరవలెను. రాజధానినుండి యాజ్ఞ ఆ గ్రామమునకు చేరి, చెల్లవలెను. ఈ రెండు రాకపోకలును సాగునంత కాలమే సామ్రాజ్యము.

శాతవాహనులు ఈ రాకపోకలను చక్కగా నడపినవారు. రాజ్యమును ఆహారములను భాగములుగా విభజించి అమాత్యుల నియమించిరి. సీసపు నాణెములను విరివిగా ముద్రించిరి. సీసము బంగారమువలె దాచుకొను లోహము కాదు. సంతలో చేతులు మారుట కనువైనది. సముద్రవర్తకము ఎంత ముఖ్యమై యుండెనో ఓడబొమ్మతో వారు వేయించిన నాణెములే చెప్పుచున్నవి. నాటి సంఘమును గూర్చి తెలిసికొనుటకు నాకు రాజుల ప్రశస్తులకంటె అమరావతి స్తూపపు దానశాసనములు ఇష్టము. అందొక దానిలో విధికుడను చర్మకారుడు తన తల్లి, భార్య, సోదరులు, బిడ్డలతో కూడి పూర్ణఘటము చెక్కిన ఫలకము నిచ్చినట్లున్నది. తోలుపని చేయువాడు తన వృత్తిని దాచుకొనక, పేరుతో సహా పవిత్రస్థలమందు ఱాతిపై వ్రాయించుకొనగలిగెను! ఈ యొక్క పంక్తి నా దృష్టికి ఒక యుద్ధవర్ణనకంటె విలువగలది.

ఇట్టి రాజ్యము క్రీ.శ. 225 ప్రాంతమున ఏల విడిపోయెను? శత్రువు వచ్చి ఒక్కనాట కూల్చెనని చెప్పుటకు లేదు. ఆదోని ప్రాంతమందలి మ్యాకదోని శాసనమును చూడుడు. పులుమావి యను శాతవాహనరాజు ఎనిమిదవ పాలనాసంవత్సరమున ఒక గృహపతి చెఱువు త్రవ్వించెను. ఆ జనపదము మహాసేనాపతి ఖందనాగునిది. ఆ గ్రామము గుల్మికుడగు కుమారదత్తునిది. రాజు పేరు కాలమును చెప్పుటకు ఉపయోగపడుచున్నది. నేలమాత్రము సేనాపతి చేతిలో నున్నది. రైతు పంటలోని భాగము మధ్యదారిలో నిలిచిపోవుట కిదియే యారంభము. రోము దేశముతోడి వర్తకము సన్నగిల్లిన తరువాత దూరపు అధికారులను రాజధానితో కట్టియుంచు త్రాడు మఱింత పలుచనయ్యెను. కృష్ణాతీరమున ఇక్ష్వాకులు విజయపురిలో స్వతంత్రులైరి. పడమట ఆభీరు లైరి.

ఇక సముద్రగుప్తుడు. క్రీ.శ. 350 ప్రాంతమున నీతడు దక్షిణదండయాత్ర చేసెను. ఆ వృత్తాంతము నేడు ప్రయాగ కోటలోనున్న స్తంభముపై గలదు. ఆ స్తంభము తొలుత అశోకునిది. అశోకుని ధర్మశాసనముల క్రిందనే సముద్రగుప్తుని విజయములు చెక్కబడెను. వ్రాసిన హరిషేణుడు సంధివిగ్రహికుడును, కుమారామాత్యుడును, మహాదండనాయకుడును. అనగా ఏలిక కొలువులో మూడు పదవులు గలవాడు. అట్టివాని సాక్ష్యమును కొంచెము జాగరూకతతో చదువవలెను. ఆతడు ఓడిపోయిన దక్షిణరాజులను పండ్రెండుమందిని పేర్కొనెను. పిష్టపురమునకు మహేంద్రగిరి, వేంగికి హస్తివర్మ, కంచికి విష్ణుగోపుడు. ఆ వరుసలోనే దేవరాష్ట్రమునకు కుబేరుడు.

ఈ దేవరాష్ట్ర మెక్కడిది? దీనిని మొదట మహారాష్ట్రదేశమం దుండెనని కొందఱు తలచిరి. మన కశింకోటలో దొరకిన తూర్పు చాళుక్యభీముని రాగిరేకులు ఆ సందేహమును తీర్చెను. ఎలమంచి కళింగదేశము దేవరాష్ట్రములోని భాగమని అందున్నది. ఎలమంచి యనగా మన ఎలమంచిలియే. నేడు కర్మాగారముల గొట్టములు కనబడుచున్న ఈ అచ్యుతాపురపు చుట్టుప్రక్కల నేలయే ఆనాడు కుబేరుని రాజ్యము!

ఉత్తరదేశపు రాజులను సముద్రగుప్తుడు సమూలముగా పెల్లగించెను. దక్షిణరాజులను మాత్రము పట్టి, విడిచి, అనుగ్రహించెను. హరిషేణుడు దీనిని దయ యని పొగడెను. దయ కాదని నేననను గాని, పాటలీపుత్రమునుండి ఎలమంచిలికి పన్ను వసూలుదారుని పంపి లెక్క చూచుకొనుట ఆనాటి బాటలపై సాధ్యమా? కానుకలు గొని మరలిపోవుటయే తెలివిగల పని. కనుక మన కొండపై దొరకిన నాణెము గుప్తుల పాలనకు గుర్తు కాదని బాలునితో చెప్పితిని.

గుప్తయుగమును స్వర్ణయుగమని పుస్తకములు వ్రాయును. సముద్రగుప్తుని బంగారునాణెముల పని నిజముగా చూడదగినది. అయినను అతని కుమారుడగు రెండవ చంద్రగుప్తుని కాలమున వచ్చిన ఫాహియాను, ప్రజలు సుఖముగా నున్నారని వ్రాయుచునే, చండాలురు ఊరి వెలుపల వసించుచు, నగరములో అడుగిడునపుడు ఇతరులు తప్పుకొనుటకై కఱ్ఱ కొట్టుచు నడువవలెనని కూడ వ్రాసెను. అమరావతిలో పేరు చెక్కించుకొన్న విధికుడు నా కప్పుడు జ్ఞప్తికి వచ్చును. దేశము వేఱు, కాలము వేఱు. పోలిక పూర్తిగా సరికాదు. కాని ఒక యుగము ఎవనికి బంగారమో విచారింపకుండ ఆ పేరు పెట్టుట నాకు నచ్చదు.

ఆ బంగారమును తరిగెను. స్కందగుప్తుని కాలమున హూణులతోడి యుద్ధము ఖజానాను పీల్చివేసెను. పిదపటి రాజుల నాణెములలో కల్తీ పెరిగెను. జీతమునకు మాఱుగా నేల నిచ్చుట, నేలతోపాటు పన్నును వదలుకొనుట పరిపాటియయ్యెను. వలభిలో భటార్కుడను సేనాపతి నాటిన వంశము కొలది తరములలో రాజవంశమయ్యెను. మ్యాకదోని కథయే మరల జరిగినది. క్రీ.శ. 550 నాటికి గుప్తసామ్రాజ్యము లేదు.

మూడవ నాణెము గలవాడు మాత్రము నిజముగా మన రాజు. బాదామి చాళుక్యుడగు రెండవ పులకేశి వేంగి, పిష్టపురములను జయించి తమ్ముడగు కుబ్జ విష్ణువర్ధనునికి క్రీ.శ. 624 ప్రాంతమున అప్పగించెను. దూరపు సీమను అధికారి కిచ్చుటకంటె తమ్మునికిచ్చుట మేలని యన్న తలచియుండును. ఆ తమ్ముడును స్వతంత్రుడే యయ్యెను. క్రీ.శ. 642 ప్రాంతమున పల్లవులు బాదామిని పట్టుకొని అన్న రాజ్యమును చెదరగొట్టినను తమ్ముని వంశము నాలుగువందల యేండ్లకు పైగా నిలిచెను. ఆ వంశమువాడగు రాజరాజనరేంద్రుని కొలువుననే నన్నయ భారతమును తెనిగింప నారంభించెను.

విష్ణువర్ధనుని కుమారుడగు మొదటి జయసింహునికి సర్వసిద్ధి యని బిరుదు. ఎలమంచిలి దాపున అదే పేరుగల గ్రామము నేటికిని గలదు. ఈ మాట చెప్పగానే ప్రశ్న యడిగిన బాలుడు ఎగిరి లేచి, "మా అమ్మమ్మగారి యూరండీ!" యని తక్కినవారివంక తిరిగెను. కొండ దిగునంతవఱకు వాడు మఱి యెవ్వరిని మాటాడనీయలేదు.