సంవత్సరాంతపు లెక్క



ఏడాది చివర సంఘమువారు జమాఖర్చులు సరిచూచుకొందురు. వ్యవసాయ ప్రదర్శకుడనైన నేనును ఒక లెక్క ఒప్పజెప్పవలసియున్నది.

సార్వా కోతలనాడు ఉండి చేలలో ఒక పెద్దరైతుతో, "మబ్బు లేదు, కోయింపుడు" అంటిని. మూడవనాడు అల్పపీడనపు వాన పడి పనలు నానినవి. లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పనలపై చల్లినచో మొలక చాలవరకు ఆగునని యెరిగియు, వాన వెలిసిన రెండవనాటికి గాని నేనచ్చటికి పోనైతిని. అప్పటికే వెన్నులపై తెల్లని మొలకలు కనబడినవి.

ఆయన నన్నొక్క మాటయు అనలేదు. "దాళ్వా విత్తనమెట్లున్నదో చూడండి, బాబూ" అనెను. అరుగుమీద కూర్చుండి 100 గింజలు లెక్కించి తడిగుడ్డలో చుట్టితిమి. 80 మొలచిన విత్తుటకు యోగ్యము. ఆరవనాడు విప్పిచూడగా 91 మొలచియుండెను. నాకు కన్నులు చెమర్చినవి.

1852లో ధవళేశ్వరమున ఆనకట్ట ముగియుటతో గోదావరి నీరు మన చెప్పుచేతలలోనికి వచ్చినది. ఆకాశపు నీరు రాలేదు. కావున సలహా చెప్పుటకంటె, చెప్పిన చేనికి వేళకు మరల పోవుట ముఖ్యము. నా దినచర్య పుస్తకమున ఈ బాకీనే మొదట వ్రాసికొంటిని. వచ్చు సార్వాకు ఉప్పు మూటతో ముందుగా ఆ చేనికే పోవుదును.

మీరును మీ యింటి విత్తనమును నేడే పరీక్షింపుడు.