బొమ్మ ఇంజిన్‌కు అసలు నంబరు

మన హాస్టల్లో ఒక్కొక్కరి ట్రంకుపెట్టె మీద ఒక్కో నంబరు ఉంటుంది. అది చూడగానే పెట్టె ఎవరిదో తెలిసిపోతుంది. రైలు ఇంజిన్‌కు కూడా అలాగే నంబరు ఉంటుంది. అయితే అది ఏ ఇంజినో చెప్పడమే కాక, ఏ కాలం నాటిదో కూడా చెబుతుంది. అందుకే ఇంగ్లండులో నమూనా రైళ్లు నడిపేవారు కొన్న బొమ్మ ఇంజిన్ నంబరును చెరిపి వేరే నంబరు వేసుకుంటారు. కంపెనీ ఒకే నంబరుతో వేల బొమ్మలు అమ్ముతుంది. ఒకే పట్టాల మీద ఒకే నంబరుతో రెండు ఇంజిన్లు తిరిగితే అది నిజమనిపిస్తుందా?

ప్రసిద్ధి చెందిన ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ ఇంజిన్‌నే తీసుకుందాం. 1923లో డాంకాస్టర్ కర్మాగారం నుంచి వచ్చినప్పుడు దాని నంబరు 1472. 1924లో అది 4472 అయింది. ఈ నంబరుతోనే 1934 నవంబరు 30న గంటకు 100 మైళ్ల వేగం అందుకుంది. 1946లో ముందు 502, తర్వాత 103 అయింది. 1948లో రైల్వేలు జాతీయమయ్యాక పాత నంబరుకు 60000 కలిపి 60103 చేశారు.

నంబరు ఒక్కటే మారిస్తే చాలదు. 1924లో 4472 అంకెలు బొగ్గు, నీళ్లు మోసే టెండరు పక్కన ఉండేవి. టెండర్లు ఒక ఇంజిన్ నుంచి మరో ఇంజిన్‌కు మారుతుండటంతో, తర్వాత అంకెలను డ్రైవరు గది పక్కకు మార్చారు. పొగను పైకి మళ్లించే రేకులు 1961లో గాని రాలేదు. కాబట్టి 1934 నాటి రైలును చూపించాలనుకున్నవారు ఆ రేకులున్న బొమ్మకు 4472 వేస్తే తప్పే. అందుకే ముందు సంవత్సరం ఎంచుకోవాలి. ఆ ఏడాది ఫోటో చూసి రంగు, పొగగొట్టం, అంకెల స్థానం సరిపోల్చుకోవాలి.

ఇక పని పద్ధతి. ఈ బొమ్మ అసలు ఇంజిన్‌లో 76వ వంతు ఉంటుంది. టెండరుతో కలిపి సుమారు 28 సెంటీమీటర్ల పొడవు. పాత అంకెను దూది పుల్లతో స్పిరిట్ అద్ది మెల్లగా తుడవాలి. అడుగు రంగు పోతుందేమో ముందుగా కనిపించని చోట పరీక్షించాలి. తర్వాత ఆ చోట మెరిసే వార్నిష్ పూయాలి. గరుకుగా ఉంటే స్టిక్కర్ కింద గాలి చిక్కి తెల్లగా కనిపిస్తుంది. అంకెల స్టిక్కర్‌ను నీళ్లలో నానబెట్టి, కాగితం మీంచి జార్చి, కుంచెతో సరిచేసి, తడి అద్దాలి. ఆరాక మెరుపు లేని వార్నిష్ పూస్తే అంచులు కనిపించవు.

ఈ ఖరీదైన బొమ్మలు మనకు దొరకకపోవచ్చు. అట్టముక్కలతో ఇంజిన్ చేయడం మాత్రం మన చేతిలో పనే. మన దేశపు డబ్ల్యు.ఏ.పి-7 ఇంజిన్ పేరులో డబ్ల్యు అంటే బ్రాడ్‌గేజి, ఏ అంటే ఏ.సి. విద్యుత్తు, పి అంటే ప్యాసింజరు. ఈ రకంలో మొదటిదైన నవకిరణ్ 2000లో చిత్తరంజన్‌లో తయారైంది. దాని నంబరు 30201. ఈసారి స్టేషన్‌కు వెళ్లినప్పుడు ప్లాట్‌ఫారం మీద నిలబడి ఒక ఇంజిన్ నంబరు, రంగు, అక్షరాల స్థానం నోటుబుక్కులో రాసుకోండి. చూసి రాసిన అంకె చిన్నదైనా అది నిజం. తోచిన అంకె వేస్తే బొమ్మ ఎంత అందంగా ఉన్నా అది ఏ ఇంజినూ కాదు.